గేటు దగ్గర తెల్ల చుక్క

మా ఇంట్లో నన్ను అనుమానం మనిషి అంటారు. కాదని నేనెప్పుడూ వాదించలేదు. నందిగామలో మా ఇంటి ముందుగదిలో ఇరవై ఏళ్ళకు పైగా చీరలు అమ్మాను. ట్యూబ్‌లైటు కింద చూసిన రంగును ఏనాడూ నమ్మలేదు. ఏ చీర వచ్చినా మడత విప్పి, గుమ్మంలోకి తీసుకెళ్ళి, పగటి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తేనే మనసు కుదుటపడేది. మనుషుల మాటల విషయంలోనూ అంతే. ఎవరేం చెప్పినా దాన్ని ఒకసారి గుమ్మంలో పెట్టి చూడాలనిపిస్తుంది. మా ఆయనకు ఇది నచ్చదు గానీ, అలవాటు పడిపోయారు.

అలాంటి నేను మా పెద్దమ్మాయి పెళ్ళినాటి డ్రోన్ వీడియో పెట్టుకుని నాలుగు రోజులు టీవీ ముందు కూర్చున్నాను. అందులో మా అన్నయ్య ఉన్నాడో లేడో తేల్చుకోవడానికి.

అన్నయ్యది జగ్గయ్యపేట. నాకున్న తోడబుట్టినవాడు అతనొక్కడే. మా వైపు పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరకు మోసుకొస్తాడు. ఆ పని ఆయనదే, ఇంకెవరు చేసినా వెలితే. పెద్దమ్మాయి పెళ్ళి రెండేళ్ళ కిందట, కంచికచర్ల దాటి పరిటాల వెళ్ళే దారిలో, హైవే పక్కన ఒక ఫంక్షన్ హాలు ముందు ఆరుబయట మండపం వేయించి చేశాం. బుట్టకు పసుపు రాసి, గుడ్డ పరిచి, పూలు చుట్టి సిద్ధంగా పెట్టుకున్నాం. అన్నయ్య రాలేదు. పంతులుగారు "మేనమామ ఎక్కడండీ" అని మైకులో రెండుసార్లు అడిగారు. ముహూర్తం దాటిపోతుందని, చివరికి వరసకు మేనమామ అయ్యే మా పెద్దమ్మ కొడుకు చెయ్యి వేసి మోశాడు. అంతమందిలో నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట మండపం మీద నిలబడి గేటు వైపు ఎన్నిసార్లు చూశానో నాకే తెలుసు.

కారణం చెప్పుకోవాలంటే చిన్నదే. మా వైపు ఎంత దగ్గరివాళ్ళనైనా ఇంటికి వెళ్ళి, ఆ ఇంటి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, శుభలేఖ చేతికిచ్చి పిలవాలి. ఆ వారం నాకు ఊపిరాడలేదు. ముందుగా కార్డు ఫొటో తీసి అన్నయ్యకు వాట్సాప్‌లో పంపాను. తీరిక చూసుకుని వెళ్ళి పిలుద్దాంలే అనుకున్నాను. ఆ తీరిక రానేలేదు. అన్నయ్యే కదా, అర్థం చేసుకుంటాడని ఊరుకున్నాను. అన్నయ్య అర్థం చేసుకోలేదు. పెళ్ళయ్యాక నేనూ తగ్గలేదు. "ముందు ఫోన్లో పంపా, తర్వాత వచ్చి పిలుస్తానని రాశా కూడా. ఆయన గారికి అంత పట్టింపైతే నేనేం చెయ్యను" అని కనపడిన ప్రతివాళ్ళ దగ్గరా అన్నాను. రెండేళ్ళు మా మధ్య మాటల్లేవు.

ఇప్పుడు చిన్నమ్మాయి పెళ్ళి కుదిరింది. నెల కూడా లేదు. కొత్త శుభలేఖ స్వామి దగ్గర పెడదామని వేదాద్రి వెళితే, గుడి మెట్ల దగ్గర మా వదిన, అంటే అన్నయ్య భార్య, ఎదురుపడింది. తప్పుకుని పోదామనుకున్నాను. ఆవిడే ఆపింది.

"ఏమ్మా, మీ అన్నయ్య పెళ్ళికి రాలేదని ఊరంతా చెప్తున్నావంటగా. ఆయనొచ్చారు. గేటు దగ్గర జనరేటర్ బండి పక్కన నిలబడి, తాళి కట్టిందాకా ఉండి, అక్కణ్ణించే అక్షింతలు వేసొచ్చారు."

"గేటు దగ్గర అక్షింతలు ఎవరిచ్చారు వదినా ఆయనకి?"

వదిన మొహం మాడ్చుకుంది. "నీతో మాట్లాడ్డం నాదే తప్పు" అని చరచరా దిగిపోయింది.

ఇంటికొచ్చాక ఆ మాట మెదడులో తిరుగుతూనే ఉంది. వచ్చుంటే లోపలికి రాకుండా ఎలా ఉంటాడు? సొంత కూతురు లాంటిదాని పెళ్ళికి వచ్చి గేటు దగ్గర నిలబడతాడా? కాదు, రాలేదు, రెండేళ్ళ తర్వాత సిగ్గేసి ఇప్పుడీ కథ చెప్పిస్తున్నాడు. మా ఆయనతో అదే అన్నాను. వచ్చాడంటే నేనే బొట్టు పట్టుకుని జగ్గయ్యపేట వెళ్తాను. రాలేదంటే, రాకపోవడమే కాకుండా అబద్ధం కూడా ఆడించాడన్నమాట, ఇక ఆ గడప తొక్కను.

పక్కన కూర్చుని జాకెట్టుకు హుక్సు కుట్టుకుంటున్న చిన్నమ్మాయి తలెత్తకుండా అంది, "మామయ్య మొయ్యకపోతే నేను నడిచే వస్తా. వరసకి మామయ్యలయ్యేవాళ్ళెవరూ మొయ్యక్కర్లా."

అది మొండిది. అన్నమాట చేస్తుంది. పీటల దాకా ఒంటరిగా నడిచొచ్చే పెళ్ళికూతుర్ని మా వైపు నేనెక్కడా చూడలేదు.

అప్పుడు మా ఆయనకు డ్రోన్ గుర్తొచ్చింది. లోపల తిరిగిన ఫొటోగ్రాఫర్లు మండపం తప్ప ఏదీ తియ్యలేదు. గేటును చూసింది పైన ఎగిరిన డ్రోన్ ఒక్కటే. పెళ్ళిలో పంచెకట్టు పెద్దలంతా దాన్ని తలెత్తి చూస్తూ అక్షింతలు వెయ్యడం కూడా మర్చిపోయారు. బీరువాలోంచి పెన్‌డ్రైవ్ తీసి టీవీకి పెట్టాం.

మొట్టమొదట నాకు కనపడింది నా చీర. ఆ రోజు నేను కట్టింది వంకాయరంగు కంచిపట్టు. గుమ్మంలో పెట్టి మరీ ఏరుకున్న రంగు. డ్రోన్‌లో అది నీలంగా ఉంది. రెండో ముక్కలో అదే చీర బూడిదరంగు. ఇంకేముంది, వీడియో మీదే అనుమానం మొదలైంది. చూసేకొద్దీ ఎక్కువైంది. హాలు చుట్టూ ఉన్న చెట్లు ఉడికిన తోటకూరలా ముద్దగా కదులుతున్నాయి. కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా గేటు స్తంభాలు ఒక పక్కకు ఒరిగి మళ్ళీ లేస్తున్నాయి. మనుషులకు తలలున్నాయి, మొహాల్లేవు.

"ఫోర్‌కే అన్నాడుగా స్టూడియో అతను. ఇదేం ఫోర్‌కే? ఇంకెవరిదో పెళ్ళి అతికించాడేమో చూడండి" అన్నాను.

"నీ చీరే ఉందిగా అందులో" అన్నారు మా ఆయన.

"నా చీర వంకాయరంగండీ."

ఆయన లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చారు.

వీడియోలో డ్రోన్ మూడుసార్లు ఎగిరింది. పొద్దున జనం వచ్చేటప్పుడు ఒకసారి, ముహూర్తానికి ఒకసారి, భోజనాలప్పుడు ఒకసారి. రెండోసారి ఎగిరినప్పుడు గేటు కనపడింది. జనరేటర్ బండి కనపడింది. దాని పక్కన ఒక తెల్ల చుక్క. మొదటి దాంట్లో అది లేదు, మూడో దాంట్లోనూ లేదు. చుక్క పక్కన సన్నగా ఒక నల్ల గీత. అన్నయ్య జీవితమంతా తెల్లచొక్కానే వేశాడు. ఎండైనా వానైనా చంకలో నల్లగొడుగు లేకుండా గడప దాటడు.

అది అన్నయ్యా? టీవీ దగ్గరికెళ్ళి చూశాను. దూరం జరిగి చూశాను. ఫోన్‌లోకి ఎక్కించుకుని రెండు వేళ్ళతో లాగి చూశాను. లాగేకొద్దీ చుక్క పెద్దదైంది, మనిషి మాత్రం చెదిరిపోయాడు. కాసేపు చూస్తే అన్నయ్యలాగే ఉంది. ఇంకాసేపు చూస్తే కేటరింగ్ మనిషిలా ఉంది. నాలుగో రోజుకి మా ఆయన, "పోలీసుల్లో చేరాల్సిందానివి, చీరలమ్ముకుని బతికావు" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఐదో రోజు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళాను. అతను మా ఊరి ముస్లిముల అబ్బాయే, ఇద్దరు పిల్లల తండ్రి. వాళ్ళ నాన్న కాలం నుంచీ మా ఇళ్ళ పెళ్ళిళ్ళకి వాళ్ళదే కెమెరా. అయినా సరే, వెళుతూనే దులిపేశాను.

"ఫోర్‌కే అని చెప్పి ఇదేంటి నువ్విచ్చింది? మొహాలే లేవు. అసలుది నీ దగ్గర దాచుకుని మాకు నాసిరకందిచ్చావా?"

అతను ఏమీ అనుకోలేదు. కుర్చీ వేసి, కంప్యూటర్‌లో అసలు ఫైలు తెరిచాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మా పెన్‌డ్రైవ్ కంటే అది మెరుగ్గా ఉంది. చెట్లకు ఆకులొచ్చాయి. గేటు మీది బోర్డు సగం చదవగలిగాను. తెల్ల చుక్క మాత్రం తెల్ల చుక్కగానే ఉంది.

"ఫోర్‌కేనే అమ్మా. నాలుగు వేల చుక్కల వెడల్పు బొమ్మ. కానీ ఆ చుక్కలన్నీ హాలుకీ, హైవేకీ, పొలాలకీ పంచాలిగా. అంత ఎత్తునించి ఒక మనిషి వంతుకొచ్చేసరికి గుప్పెడు కూడా మిగలవ్. ఆ గుప్పెట్లో చొక్కా ఉంటది, మొహం ఉండదు."

"పెద్ద కెమెరా పెట్టకపోయావా?"

"ఎగరాలి కదమ్మా. బరువు పెడితే లేవదు. లోపల బొమ్మ పడే పలక వేలిగోరంత. దానికి ఎండ ఎక్కువైతే తెలుపు కాలిపోద్ది. కాలిన చోట ఇంకేం ఉండదు, మడతలూ ఉండవు, జేబూ ఉండదు. మబ్బు అడ్డం వస్తే రంగులు అదే మార్చేసుకుంటది. మీ చీర అందుకే అట్టొచ్చింది. ఇంక మీకిచ్చిన ఫైలంటారా, టీవీలో ఆడాలని నేనే తగ్గించా. తగ్గించేటప్పుడు ముందు పోయేవి ఆకులు."

"ఆ నల్లగీత గొడుగేనా?"

"గొడుగు కావచ్చు. జనరేటర్ వైరు కావచ్చు. నీడ కావచ్చు."

"ఏదో ఒకటి చెప్పవయ్యా."

"చెప్తే అబద్ధం అవుద్దమ్మా."

నేను వదలలేదు. మసక ఫొటోలను శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లున్నాయని విన్నాను, అది పెట్టి చూడమన్నాను. వద్దన్నాడు. పెట్టమన్నాను. అతను నిట్టూర్చి ఆ తెల్ల చుక్కను కత్తిరించి ఏదో నొక్కాడు. గీత ఒకటి తెర మీద మెల్లగా జరిగింది. అది జరిగిన చోటల్లా మనిషి రావడం మొదలైంది. నుదురు వచ్చింది. కళ్ళొచ్చాయి. ముక్కు వచ్చింది. ఆ ముక్కు మా నాన్నది, అన్నయ్యది.

"అన్నయ్యే" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి పిలిచే దిక్కులేక, ఎండలో, జనరేటర్ పొగలో నిలబడ్డాడు. నేనేమో రెండేళ్ళుగా ఊరంతా అతని పరువు తీశాను.

స్టూడియో అబ్బాయి నా మొహం చూశాడు. తర్వాత అదే బొమ్మలో వంటశాల పక్కన ఉన్న బియ్యం బస్తాను కత్తిరించి, దాని మీదా అదే నొక్కాడు. బస్తాకి నుదురు వచ్చింది. కళ్ళొచ్చాయి. సన్నగా నవ్వు కూడా వచ్చింది.

"ఈయన మీకేమవుతారమ్మా?" అన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది.

"అది ఉన్నది చూపించదు. అక్కడ మొహం ఉండాలనుకుంటే మొహం పెడతది. అందుకే వద్దన్నా" అన్నాడు మెల్లగా. పిల్లవాణ్ణి పంపించి టీ తెప్పిస్తానంటే వద్దని లేచొచ్చేశాను.

దారంతా ఒకటే ఆలోచన. అంతసేపూ నేను ఉన్నది చూశానా, కావాలనుకున్నది చూశానా? రాలేదనుకున్నప్పుడు అందులో కేటరింగ్ మనిషి కనపడ్డాడు. మనసు కరిగినప్పుడు అన్నయ్య కనపడ్డాడు. చుక్క మాత్రం మారలేదు.

ఇంటికొచ్చి ఉక్రోషంగా ఫోన్ తీశాను. కనీసం నా వైపు న్యాయం ఉందని చూసుకుందామని. వచ్చి పిలుస్తానని రాశాను కదా, ఆ ముక్క మా ఆయనకు చూపిద్దామని అన్నయ్య నంబరు తెరిచాను. రెండేళ్ళుగా కదలని పేజీ. చివర్లో ఉన్నది శుభలేఖ ఫొటో, దాని కింద దండం పెట్టే రెండు చేతుల బొమ్మ. అంతే. వచ్చి పిలుస్తానన్న మాట ఎక్కడా లేదు. పైకి జరిపాను, కిందికి జరిపాను. లేదు. రెండేళ్ళపాటు అందరికీ ప్రమాణం చేసి చెప్పిన మాట నేను రాయనే లేదు.

ఆ ఫొటో అయినా సరిగా ఉందా? ట్యూబ్‌లైటు కింద, హడావిడిలో, వంకరగా తీశాను. కార్డు మీద నా చేతి నీడ సగం పడింది. రెండు వేళ్ళతో లాగి చూశాను. ముహూర్తం ఎన్ని గంటలకో చదవబోయాను. అక్షరాలు ముద్దముద్దగా ఉన్నాయి. హాలు పేరు లేదు, నా కూతురి పేరూ సరిగా లేదు. సొంత అన్నకు నేను పంపిన పిలుపు అది. నాలుగు రోజులు డ్రోన్‌ను తిట్టిన నోరు మూతపడింది.

ఫోన్ మా ఆయన చేతికిచ్చాను. ఆయన చూశారు. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. "రేపు నేనూ రానా?" అన్నారు.

"వద్దు. నేనొక్కదాన్నే వెళ్తా."

మర్నాడు పొద్దున్నే కుంకుమ భరిణ, పసుపు, పళ్ళు, కార్డు సంచిలో పెట్టుకుని జగ్గయ్యపేట బస్సెక్కాను. అన్నయ్య వచ్చాడో రాలేదో నాకింకా తెలియదు. తెలియకుండా నేను ఒక పని చెయ్యడం అదే మొదటిసారి.

వదిన తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. ఏమీ అనకముందే భరిణ మూత తీసి ఆవిడ నుదుట బొట్టు పెట్టాను. తొందరలో అది కొంచెం పక్కకు పోయింది. ఆవిడ తుడుచుకోలేదు. "కూర్చో, కాఫీ పెడతా" అని లోపలికి వెళ్ళింది.

అన్నయ్య వసారాలో పేపరు చదువుతున్నాడు. రెండేళ్ళలో బాగా తగ్గిపోయాడు. పక్కన గోడకు ఆనించి గొడుగు ఉంది. కార్డు రెండు చేతులతో ఇచ్చాను.

"అన్నయ్యా, చిన్నదాని పెళ్ళి. నువ్వొచ్చి బుట్ట మొయ్యాలి. అప్పుడు పిలవకపోవడం నాదే తప్పు. నువ్వొచ్చావని తెలిసింది. డ్రోన్ వీడియోలో చూశా, గేటు దగ్గర ఉన్నావు." తేలని మాటను తేలినట్టే చెప్పేశాను.

ఆయన కార్డు తీసుకున్నాడు గానీ తెరవలేదు. లోపల గిన్నెల చప్పుడు వినపడుతోంది. ఆ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నేను రాలేదమ్మాయ్."

నేను ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను.

"పొద్దున్నే తయారై బయల్దేరా. కంచికచర్లకి ఇవతల కీసర బ్రిడ్జి దాకా వచ్చా. బస్సు దిగి అక్కడ టీ తాగా. ఎవరైనా, ఏం బావా, పిలిచారా అనడిగితే ఏం చెప్పాలా అని కూర్చున్నా. అడుగు పళ్ళేదు. ముహూర్తం అయిపోయిందనుకున్నాక వెనక్కొచ్చేశా. మీ వదినకి వెళ్ళొచ్చాననే చెప్పా. మేనకోడలి పెళ్ళికి కూడా పోలేదని దానికి చెప్పలేకపోయా." ఆయన గొడుగు వైపు చూస్తూ మాట్లాడాడు. "ఆ పంతులు మైకులో అడిగాడంటగా నాకోసం. అది విన్నాక చాలా రోజులు అన్నం సయించలా."

రెండేళ్ళుగా నేను అనుమానించిందే నిజం. రాలేదు, అబద్ధమూ ఆడాడు. చేతికి దొరికిన ఆ నిజాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. కీసర బ్రిడ్జి దగ్గర, లారీల మధ్య, ఇస్త్రీ చొక్కాతో ఒక్కడే టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మా అన్నయ్య కనిపించాడు. ఏ కెమెరా లేకుండానే, చొక్కా జేబుతో సహా కనిపించాడు.

ఆయన తేరుకుని నన్ను అనుమానంగా చూశాడు. మా ఇద్దరిదీ ఒకే రక్తం మరి.

"మరి ఆ వీడియోలో ఉన్నదెవరు?"

"నువ్వే."

"కాదంటుంటే."

"చొక్కా నీదే, గొడుగు నీదే. ఇంకోసారి కాదన్నావంటే వదినని పిలుస్తా."

అన్నయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. వదిన కాఫీ గ్లాసులతో వచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"చూశావా మరి? వచ్చారని నేను చెప్తే నమ్మావా?" అంది నాతో.

"ఇప్పుడు నమ్మా వదినా" అన్నాను.

అన్నయ్య లేచాడు. కార్డు పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, పగటి వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ముహూర్తం గంట, హాలు పేరు, పిల్ల పేరు వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. చదివాక నడుం మీద చెయ్యి వేసుకుని నా వైపు తిరిగాడు.

"పిల్ల ఎంత బరువుంటదే ఇప్పుడు?" అన్నాడు.